పుస్తకంలో లేని మంచు

హెమ్లాక్ హార్బర్, మిషిగన్
1984 సెప్టెంబరు 23

అన్నయ్యా,

ఓడ నడుస్తుండగానే మీరు పైనుంచి తాడు వదిలితే, టపా పడవవాడు మీ ఉత్తరాలు బకెట్‌లో వేస్తే పైకి లాక్కుంటారని చెప్పాను. మా క్లాసులో డేల్ పాస్కో నమ్మడం లేదు. "మీ అన్న కోతలు కోస్తున్నాడు" అన్నాడు. వాడి నోరు మూయించడానికైనా దీనికి జవాబు రాయి, డెట్రాయిట్ ముద్రతో.

పదకొండో తరగతిలో పడ్డాను కదా, నాకూ మొదలైంది ట్రెవారో టీచర్ అమెరికా సాహిత్యం. నువ్వు చెప్పిందంతా నిజమే. ఇప్పటిదాకా తొలినాటి వలసవాళ్ళ ప్రసంగాలే. నరకం, నిప్పులు, దేవుడి కోపం. పొద్దున్నే మొదటి పీరియడ్‌లో అంత కోపం ఎవరు భరిస్తారు చెప్పు? ఆ తరవాత సమాధుల మీద పద్యాలట. ఈ దేశంలో నవ్వుతూ బతికినవాడెవడూ కలం పట్టలేదా అని అడిగాను. "పట్టారమ్మా, వాళ్ళు ఏప్రిల్‌లో వస్తారు, అందాకా ఓపిక పట్టు" అన్నారావిడ.

పైగా ప్రతిదానికీ 'ఇది దేనికి గుర్తు?' అని ఒకటి. తెర ఊగితే స్వేచ్ఛకి గుర్తు, కుండ పగిలితే కాపురానికి గుర్తు. మొన్న భోజనాల దగ్గర నా పాస్టీ, అదే ఆ మాంసం కూరిన రొట్టె, చల్లారి రాయిలా అయిపోతే పైకెత్తి "ఇది మన దేశం కన్న కలలకి గుర్తు" అన్నాను. టేబులంతా పడీ పడీ నవ్వారు.

వచ్చే నెలలో 'ఎండిన ఏడాది' నవల మొదలుపెడతారు. డిసెంబరులో దాని మీద ఉత్తుత్తి విచారణ. మామూలే, ఊరంతా బడి జిమ్ముకి రావడం, పాపం ఆ నవల్లో ఇల్లు వదిలిపోయిన ఏబెల్ క్రౌథర్‌ని దోషి అని చేతులెత్తడం, కాఫీ తాగి ఇళ్ళకి పోవడం. నీ ఏడాది నేను అమ్మ భుజం మీద నిద్రపోయాను. నువ్వు టై కట్టుకున్నావని ఒక్కటే గుర్తు. డిఫెన్స్ వాదించి చిత్తుగా ఓడిపోయావని మాత్రం ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అమ్మ బాగానే ఉంది. వృద్ధాశ్రమంలో ఇప్పుడు పగటి డ్యూటీ ఇచ్చారు. నాన్న సంగతి నేను రాయను, నువ్వూ రాయకు. మన ఒప్పందం అదే.

నీ చెల్లి
ఐలా


ఎలినార్ హోల్ట్ ఓడ, డెట్రాయిట్ నది
అక్టోబరు 9

ఐలా,

ముద్ర చూశావుగా, తీసుకెళ్ళి ఆ డేల్ గాడి ముక్కు కింద పెట్టు. బకెట్ నిజం, తాడు నిజం, బకెట్ అడుగున నీళ్ళు ఇంకా నిజం. నీ నరకం, నిప్పులు అన్నీ తడిసి ముద్దయి వచ్చాయి.

పాస్టీ మాట వంటగదిలో చదివి వినిపించాను. మా వంటవాడికి నవ్వు రాలేదు. తనని అంటున్నావనుకున్నాడు.

చిత్తుగా ఓడిపోయానని ఎవరే చెప్పింది నీకు? ఓడిపోయిన మాట నిజమే. కానీ నా వైపు ఒక చెయ్యి లేచింది. టీచర్ "నిర్దోషి అనేవాళ్ళు?" అని అడగ్గానే ముందు వరసలో ఒకే ఒక్క చెయ్యి. నాన్నది. అమ్మ మోచేత్తో పొడుస్తూనే ఉంది, ఆయన దించడే! గనిలో ఆయనతో పనిచేసేవాళ్ళంతా గొల్లుమన్నారు. "గాడిద రెక్కలతో ఎగిరిందని కొడుకంటే ఈయన ఈకలు చూపిస్తాడు" అన్నారు. ఒప్పందం గుర్తుంది, అరవకు. ఇది నాన్న సంగతి కాదు, నా విచారణ సంగతి.

నా మాట విని నువ్వూ డిఫెన్స్ తీసుకో. ఏబెల్‌ని తిట్టడానికి ఆ ఊళ్ళో తెలివితేటలు అక్కర్లేదు, నోరుంటే చాలు. అది నీకు దేవుడిచ్చాడు. వెనకేసుకు రావడానికే బుర్ర కావాలి.

అమ్మకి ఊలు మేజోళ్ళు కొన్నాను. పంపుతున్నాను.

ఆర్వో


హెమ్లాక్ హార్బర్
నవంబరు 4

అన్నయ్యా,

నీ సలహా చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చినా వినేదాన్ని కాదనుకో. నేను ప్రాసిక్యూషన్!

టీచర్ చీటీలు తీయిద్దామనుకున్నారు. నేను లేచి "చీటీలొద్దు, నాకు ప్రాసిక్యూషన్ ఇవ్వండి" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఐలా, జడ్జిగా ఉండకూడదూ? గౌను వేసుకోవచ్చు, సుత్తి కొట్టచ్చు" అన్నారు. అంటే ఆవిడకీ తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. జాలి! నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకు గౌను వద్దు" అన్నాను. ఇచ్చేశారు. డిఫెన్స్ ఎవరనుకున్నావ్? డేల్ పాస్కో. మేకని పులి ముందు కట్టేసినట్టే.

పుస్తకం రెండుసార్లు చదివాను అన్నయ్యా. మూడేళ్ళు వాన లేక పొలం ఎండిపోయింది, సరే. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు నిద్రపోతుండగా తెల్లవారకముందే వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఎవడికీ తెలీదు. చివరి పేజీ దాకా రాడు. నాకు కోపం తెప్పించింది ఆ కట్టెల సంగతి. వెళ్ళే ముందురోజు గోడకి ఆనించి చూరు ఎత్తు కట్టెలు పేర్చిపోతాడు, చలికాలానికి సరిపడా. క్లాసులో సగంమంది అమ్మాయిలు "అయ్యో, ఎంత ప్రేమో" అని ముక్కులు చీదారు. ప్రేమేమిటి, వీళ్ళ మొహం! కట్టెలు పేర్చాడంటే వెళ్ళిపోవాలని ముందే అనుకున్నాడన్నమాట. పక్కన కూర్చుని సూప్ తాగుతూ, పిల్లదాని జడ అల్లుతూ, లోపల లెక్కలేసుకుంటున్నాడన్నమాట. అదే నా వాదన. కట్టెలే సాక్ష్యం.

ఒప్పందం నేనే మీరుతున్నాను, ఈ ఒక్కసారికి. నాన్న వెళ్ళే ముందురోజు కప్పెక్కి మంచు తీశాడు, గుర్తుందా? పొద్దున ఒకసారి, సాయంత్రం ఇంకోసారి. సాయంత్రానికి అక్కడ తీయడానికేం లేదు. నేను నిచ్చెన పట్టుకున్నాను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి మనిషి లేడు. గని మూతపడితే ఊళ్ళో అందరికీ పడింది. అందరూ వెళ్ళిపోయారా?

అమ్మ విచారణకి వస్తానని అనలేదు, రానని అనలేదు. నీకు తెలుసుగా అమ్మ సంగతి.

ఐలా


ఎలినార్ హోల్ట్ ఓడ, టొలీడో
నవంబరు 16

ఐలా,

ఉత్తరం అందింది. మంచు సంగతి గుర్తుంది. నేను వాకిట్లో పార పట్టుకుని ఉన్నాను కదా, పైనుంచి తోసిందంతా నా నెత్తినే పడింది.

సరే, నీ ఇష్టప్రకారమే కానీ. తీసుకున్నాక వెనక్కి తగ్గకు. నీ మనసులో ఉన్నదంతా చెప్పు. ఎవరు కూర్చున్నారు, ఎవరు వింటున్నారు అని చూడకు. కడుపులో దాచుకుంటే నీకే అరగదు.

విచారణ ఏ తారీకు? ఏడింటికేనా, మా రోజుల్లోలాగా? జిమ్ముకి బండ్లు ఆపే వైపు తలుపు ఇప్పటికీ తీసే ఉంచుతారా? ఊరికే, కళ్ళ ముందు ఊహించుకుందామని అడుగుతున్నా. ఓడ మీద ఇంతకంటే కాలక్షేపం ఏముంది.

నిందితుడి కుర్చీ ఖాళీగానే ఉంచుతున్నారా? మా అప్పుడు ఒకడు ఏబెల్ వేషం వేస్తానని ఎగిరాడు. టీచర్ ఒప్పుకోలేదు. "పుస్తకంలో తిరిగిరానివాణ్ణి నువ్వెక్కడినుంచి తెస్తావు?" అన్నారు.

వెంటనే రాయి.

ఆర్వో


హెమ్లాక్ హార్బర్
నవంబరు 24

అన్నయ్యా,

డిసెంబరు ఏడు, శుక్రవారం, సాయంత్రం ఏడింటికి. తలుపు తీసే ఉంటుంది, చలిగాలి కొట్టే ఉంటుంది, కుర్చీ ఖాళీగానే ఉంటుంది. చాలా? ఇంత ఆరాటపడేవాడివి సెలవు పెట్టి రాకూడదూ!

ఉపన్యాసం అద్దం ముందు చెప్పుకుంటున్నాను. పిల్లి కూడా దోషి అంటోంది.

ఐలా


హెమ్లాక్ హార్బర్
డిసెంబరు 8

అన్నయ్యా, గెలిచాను!

గెలవడమంటే అలా ఇలా కాదు. జిమ్ములో వేసిన కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. వాళ్ళ నాన్న చొక్కా వేసుకొచ్చాడు డేల్, దాని చేతులు వేళ్ళ దాకా దిగిపోయాయి. వాడు బాగానే మాట్లాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. "ఆకలి చూడలేనివాడు పారిపోయాడు, పిల్లల మీద ప్రేమ లేక కాదు" అన్నాడు. కట్టెల దగ్గరికొచ్చేసరికి ముసలమ్మలు రుమాళ్ళు తీశారు.

అప్పుడు నేను లేచాను. కాగితం చూడలేదు. ఖాళీ కుర్చీ వైపు తిరిగి మాట్లాడాను. "నువ్వు కట్టెలు పేర్చావు. ఆ కట్టెలు కాలినంతకాలం ఆ పిల్ల తలుపు వైపు చూసింది. అయిపోయాక కూడా చూసింది. చలికి చచ్చిపోకుండా చూసుకుని వెళ్ళడం ప్రేమ కాదు. అది నీ మనసు సర్దిచెప్పుకోడానికి నువ్వు చేసుకున్న పని" అన్నాను. అక్కడితో ఆపాలి అసలు. అంతే రాసుకున్నాను. నోట్లోంచి ఇంకొకటి వచ్చేసింది. "కప్పు మీద మంచు రెండుసార్లు తీస్తే, కప్పు కిందవాళ్ళని వదిలేయచ్చని ఎవరు చెప్పారు నీకు?" అనేశాను.

డేల్ ఎగిరి లేచాడు. "అభ్యంతరం! ఆ నవల్లో మంచే లేదు! వానే లేక చస్తుంటే మంచెక్కడిది?" అన్నాడు. హాలంతా ఘొల్లున నవ్వింది. నాకు చెవుల దాకా ఎర్రబడిపోయింది. జడ్జి గౌనులో ఉన్న పిల్ల "మంచు కొట్టివేయబడింది" అని సుత్తి కొట్టింది. ఇంకా నవ్వు. ట్రెవారో టీచర్ ఒక్కరే నవ్వలేదు.

తరవాత ఓట్లు. "దోషి అనేవాళ్ళు?" అనగానే చేతులు అడవిలా లేచాయి. నిర్దోషికి డేల్ వాళ్ళ అమ్మా, వాళ్ళ అమ్మమ్మా. అమ్మ వచ్చింది అన్నయ్యా, మూడో వరసలో కూర్చుంది. అటూ ఎత్తలేదు, ఇటూ ఎత్తలేదు. చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. నాకు చిన్నతనమనిపించింది. కన్నకూతురు మాట్లాడితే ఒక చెయ్యి ఎత్తలేదా?

అమ్మ ఎత్తకపోతే ఏం, ఇంకొకాయన ఎత్తాడు. వెనక తలుపు దగ్గర, బండ్లు ఆపే వైపు, గడ్డం మనిషి. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అటువైపు దీపాలు తీసేశారు, మొహం కనపడలేదు. అందరూ ఎత్తినప్పుడు ఎత్తలేదు. టీచర్ దోషి చేతులు లెక్కపెట్టడం అయిపోవచ్చింది, "ఇంకెవరైనా?" అన్నారు. అప్పుడు మెల్లిగా ఎత్తాడు. వీడెవడో డేల్ వాదనకి కరిగిపోయినవాడు, నేను వీణ్ణి కూడా తిప్పేశాను అనుకున్నాను. నిజం చెప్పనా? మొత్తం హాలు కంటే ఆ ఒక్క చెయ్యే నాకు ఎక్కువ సంతోషం వేసింది. కాఫీ దగ్గర పలకరిద్దామని చూశాను, అప్పటికే వెళ్ళిపోయాడు.

టీచర్ ఎప్పట్లాగే నల్లబల్ల పైన ఏటేటా తీర్పులు రాసే కాగితం మీద రాశారు. నీ ఏడాది పక్కన నాలుగు గళ్ళు దాటి మా ఏడాది: దోషి, నూట పదకొండు.

ఇంకో పని మిగిలింది. విచారణ అయ్యాక ఎవరు ఏ పక్షం వాదించారో దానికి ఎదురు పక్షం రాసివ్వాలట, జనవరి నెలాఖరుకి. నేను ఏబెల్‌ని వెనకేసుకొస్తూ నాలుగు పేజీలు! నా గోళ్ళు నేనే పీక్కున్నట్టు ఉంటుంది.

నీ గెలిచిన చెల్లి
ఐలా


ఎలినార్ హోల్ట్ ఓడ, డెట్రాయిట్ నది
డిసెంబరు 15

ఐలా,

అభినందనలు. నువ్వు గెలుస్తావని తెలుసు.

ఇక్కడ బాగా చలిగా ఉంది. డెక్ మీద గడ్డ కట్టిన మంచు గొడ్డళ్ళతో కొడుతున్నాం. ఇంకో రెండు దఫాలు తిరిగితే ఈ ఏడాదికి అయిపోయినట్టే. అమ్మ బూడిదరంగు కోటు నీకు సరిపోయిందంటే చాలా పొడుగైపోయావన్నమాట. ఆ కోటు జాగ్రత్త, అమ్మకున్న మంచి కోటు అదొక్కటే.

ఆ వ్యాసం మాత్రం ఎగ్గొట్టకు. మనసుపెట్టి రాయి.

ఆర్వో


హెమ్లాక్ హార్బర్
డిసెంబరు 20

ఆర్వో,

నేను అమ్మ కోటు వేసుకున్నానని నీకెవరు చెప్పారు?

నేను రాయలేదు. నా ఉత్తరంలో కోటు మాటే లేదు. ఆ రోజు నా కోటు జిప్పు పాడై ఆఖరి నిమిషంలో అమ్మది లాక్కుని వెళ్ళాను. అమ్మని అడిగితే తను నీకు నవంబరు నుంచీ రాయలేదంది. ఊళ్ళో నీకు ఉత్తరం రాసే మొహం ఇంకెవడికీ లేదు.

నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి చదివాను. ఏ తారీకు, ఎన్నింటికి, తలుపు తీసి ఉంటుందా.

పిచ్చిదాన్ని చేయకు నన్ను. ఎవరు వచ్చారు?

ఐలా


దులూత్, మిన్నెసోటా
డిసెంబరు 29

ఐలా,

నాన్న వచ్చాడు. తలుపు దగ్గర గడ్డం మనిషి నాన్నే.

పోయిన వేసవిలో ఇక్కడ ధాన్యం ఎత్తే గోదాముల దగ్గర కనిపించాడు. మొదట నేను మొహం తిప్పుకుని వెళ్ళిపోయాను. తరవాతి దఫా వచ్చినప్పుడు ఆగాను. పని దొరికాక కబురు చేద్దామనుకున్నాడట. దొరికేసరికి ఏళ్ళు గడిచిపోయి, కబురు చేసే మొహం లేకపోయిందట. ఇది సమాధానమని నేననను. ఆయనా అనలేదు. ఓడ ఇటొచ్చినప్పుడల్లా కలుస్తున్నాను. ప్రతిసారీ అడిగేది నీ గురించే. ఏం చదువుతోంది, ఇంకా పళ్ళు కొరుకుతుందా నిద్రలో, అని.

నీ నవంబరు ఉత్తరం రాగానే నాకొక తెలివిమాలిన ఆలోచన వచ్చింది. "ఐలా విచారణలో మాట్లాడుతోంది, నువ్వెళ్ళు, అయ్యాక బయట కలు" అన్నాను. నువ్వు ఏ పక్షమో ఆయనకి చెప్పలేదు. చెబితే రాడని. ఆయన వస్తున్నాడని నీకు చెప్పలేదు. చెబితే నువ్వు మాట్లాడవని. ఇద్దరి దగ్గరా చెరిసగం దాచాను. నువ్వు మనసులోది కక్కేస్తే, ఆయన అది వింటే, ఆ తరవాత ఇద్దరూ ఎదురుపడితే అంతా చక్కబడుతుందనుకున్నాను. పైగా "ఎవరు వింటున్నారని చూడకు" అని నీకు రాశాను కూడా. ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

తిరిగొచ్చాక కలిశాను. నాలుగు మాటలే చెప్పాడు. "పిల్ల పొడుగైంది. వాళ్ళమ్మ బూడిదరంగు కోటు వేసుకుంది. బాగా మాట్లాడింది, నీకంటే బాగా." తరవాత "మంచు మాట పుస్తకంలో లేదు. నీ ఏడాది నేనూ చదివాను కదా" అన్నాడు.

చెయ్యి ఎందుకెత్తావు నాన్నా అని అడిగాను. నిన్ను నువ్వే దోషి అనుకుంటూనా, అని. ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అదేం లేదురా. నీ ఏడాది నీ పక్షాన ఎత్తాను. ఈ ఏడాది దాని పక్షాన ఎత్తాను. నా పిల్లలు వాదిస్తే నేనింకెవరి వైపు ఎత్తుతాను?"

బయట నిన్ను కలవకుండా ఎందుకొచ్చేశావంటే, "గెలిచి నవ్వుతోందిరా, అది నవ్వుతుంటే చూసి ఎన్నాళ్ళయిందో, ఆ నవ్వు నేనెందుకు పాడుచేయాలి" అన్నాడు.

నన్ను తిట్టు. ఎంత తిట్టినా పడతాను.

ఆర్వో


హెమ్లాక్ హార్బర్
జనవరి 8

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు నీకు బూతులు రాశాను. అన్నీ పొయ్యిలో వేశాను. నువ్వు ఎవడివి నన్ను అలా నిలబెట్టడానికి? ఆయన మొహం మీద చెప్పాలనుకుంటే నేనే చెప్పేదాన్ని. చెప్పకూడదనుకుంటే మానేసేదాన్ని. ఆయన్ని చీకట్లో నిలబెట్టి, నా చేత రాళ్ళు వేయించావు. వేసేవాళ్ళకి తెలియాలి కదా ఎవరి మీద వేస్తున్నారో.

అంతకంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఆ చెయ్యి లేచినప్పుడు నాకు సంతోషం వేసింది అన్నయ్యా. వీణ్ణి కూడా ఓడించానని లోపల గంతులేశాను.

అమ్మకి చెప్పాను. బంగాళాదుంపలు చెక్కుతోంది, చెక్కుతూనే ఉంది. "నాకు తెలుసు" అంది. తలుపు తెరిచినప్పుడు చలిగాలి తగిలి వెనక్కి తిరిగిందట. గడ్డం ఉన్నా నిలబడే తీరు మారదు కదా అంది. మరి లేచి వెళ్ళలేదేం అని అరిచాను. "నువ్వు మాట్లాడుతున్నావు. నేను మధ్యలో లేస్తే తడబడతావు. అయిపోయాక వెళ్దామనుకున్నాను. అయిపోయాక చూస్తే మనిషి లేడు" అంది. "ఒక్క కుర్చీ వరస దాటడానికి ఆలోచించాను, అయిదేళ్ళూ పోయాయి, ఆ క్షణమూ పోయింది" అంది. ఎప్పుడూ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు అమ్మ.

నాన్నకి ఉత్తరం రాశాను, ఇందులోనే పెట్టాను. విప్పకు. ఆయన్ని క్షమించానని రాయలేదు. కోపం అలాగే ఉంది. కోపం ఉన్నా కాఫీ తాగచ్చు కదా, ఆ మాటే రాశాను. ఓడ కట్టేశాక నువ్వు దులూత్‌లోనే ఉంటావుగా, నువ్వే చేతికివ్వు. పోస్టులో వేయకు.

ఐలా


దులూత్
జనవరి 21

ఐలా,

ఏం రాయాలో తెలియడం లేదు. ఉత్తరం అందిన సాయంత్రమే వెళ్ళాను. నాన్న లేడు.

సరస్సు గడ్డకట్టి ఓడలు ఆగిపోయాయి కదా, గోదాములో పని కూడా ఆపేశారు. ఆయన అద్దెకున్న ఇంటావిడ క్రిస్మస్ అయ్యాక ఖాళీ చేశాడంది. ఎక్కడికని అడిగితే దక్షిణానికి అన్నాడట. దక్షిణమంటే సగం దేశం. చిరునామా పెట్టలేదు. వాళ్ళ ముఠాలో ఒకడు టెక్సాస్ అన్నాడు, ఇంకొకడు కాదు ఒక్లహోమా అన్నాడు. ఇద్దరికీ తెలీదు.

ఒక సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. దాచినందుకే ఇదంతా కాబట్టి చెబుతున్నాను. వెళ్ళే ముందురోజు ఆ ఇంటావిడ కప్పు మీద మంచంతా తీసిపెట్టి వెళ్ళాడట. ఆవిడ అడగలేదట. మంచి మనిషి అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నీ ఉత్తరం నా దగ్గరే ఉంది, విప్పలేదు. మార్చిలో ఓడలు కదిలితే ధాన్యం పని మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు వస్తాడేమో చూస్తాను. వస్తాడని నీకు మాటివ్వలేను.

ఆర్వో


హెమ్లాక్ హార్బర్
ఫిబ్రవరి 3

అన్నయ్యా,

ఉత్తరం నీ దగ్గరే ఉంచు.

వ్యాసం రాసిచ్చాను. నాలుగు పేజీలు అడిగితే తొమ్మిది అయ్యాయి. ఏబెల్ చేసింది మంచిదని రాయలేదు, నా వల్ల కాదు. ఒక్కటే రాశాను. కట్టెలు రెండు మాటలూ చెబుతాయి. వెళ్ళిపోవాలని ముందే అనుకున్నాడనడానికీ సాక్ష్యమే, వెళ్ళాలని లేదనడానికీ సాక్ష్యమే. ప్రాసిక్యూషన్ అందులో సగమే కోర్టుకి చూపించింది, గెలవాలన్న తొందరలో. ఆ ప్రాసిక్యూటర్ని నేను ఎరుగుదును, దాని మాట నమ్మకండి అని రాశాను. ట్రెవారో టీచర్ మార్కులు వేయలేదు. అంచున పెన్సిలుతో 'సాయంత్రం కనపడు' అని రాశారు.

బడి వదిలాక వెళ్ళాను. ఆవిడ ఏమీ అడగలేదు. నేనే అడిగాను. "టీచర్, ఓట్ల లెక్కలో ఒక తప్పుంది, సరిచేస్తారా?" అన్నాను. "నేను రెండుసార్లు లెక్కపెట్టానే" అన్నారు. "మీ లెక్క తప్పు కాదు. ఒక చెయ్యి ఏబెల్‌ని దోషి అనడానికి లేవలేదు. అది నా కోసం లేచింది. అది తీర్పులోకి రాదు" అన్నాను. చెప్పేటప్పుడు ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను.

"తలుపు దగ్గరదా?" అన్నారు. ఆవిడా పోల్చుకున్నారన్నమాట, అన్నయ్యా. "నీ ఉపన్యాసం ఆపి పిలుద్దామా అనుకున్నానమ్మా. విచారణ మధ్యలో ఎలా అని ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ కుర్చీ ఖాళీగా ఉంచుతున్నాను, మనిషి నిజంగా వచ్చిన రోజు ఏం చేయాలో తోచలేదు నాకు" అన్నారు. అమ్మా అంతే, టీచరూ అంతే. హాల్లో ఆయన్ని గుర్తుపట్టనిదాన్ని నేనొక్కదాన్నే.

ఆవిడ కుర్చీ ఎక్కబోతే మోకాళ్ళ నొప్పులని నేనే ఎక్కాను. నల్లబల్ల పైన ఆ కాగితం మీద, మా ఏడాది పక్కన, నూట పదకొండు కొట్టేసి నూట పది రాశాను. తీర్పు మారలేదు. దోషి అలాగే ఉంది. నీ ఏడాది గడి కూడా చూశాను. నిర్దోషి: ఒకటి. అది అలాగే ఉంచాను.

నిన్నంతా మంచు కురిసింది. పొద్దున నేనే కప్పెక్కాను, అమ్మ నిచ్చెన పట్టుకుంది. సాయంత్రం మళ్ళీ ఎక్కబోతే కాలు పట్టుకుని వదల్లేదు. "ఒకసారి చాలు, దిగి రా" అంది.

మార్చిలో ఓడ కదిలాక గోదాముల దగ్గర చూడు. కనపడితే ముందు నా ఉత్తరం ఇవ్వకు. ముందు ఈ లెక్క సంగతి చెప్పు. నాన్న చెయ్యి దించేశానని చెప్పు.

ఐలా